అత్తగారి రెండో రాక

ఈ వేళ పొద్దున, పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి లిఫ్టులోంచి బయటికి నడుస్తూ "చలో ఆంటీ, మై జాతీ హూఁ" అని చక్కా వెళ్ళిపోయింది. సగం జీవితం ఢిల్లీ చుట్టుపక్కలే గడిచినా, గడప దగ్గర "పోతున్నా" అనే మాట వింటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది. అంతా మా అత్తగారి పుణ్యమే.

మామగారు పోయాక ఆవిడ అమలాపురం నుంచి నోయిడాలో మా ఫ్లాటుకి వచ్చేశారు. వచ్చిన వారానికే "మీరిద్దరూ ఆఫీసులకెళ్తే నేను గోడలతో మాట్లాడనా? ఈ హిందీ సంగతేదో తేల్చేస్తాను" అని కొంగు బిగించారు. నేను మధ్యలో దూరి అనువాదం చెయ్యబోతే కళ్ళెర్రజేసేవారు. కూరగాయల బండి అతనితో "భయ్యాజీ, బెండకాయ్‌జీ ముదురు హై" అనేవారు. అతనికి అర్థమయ్యేది కూడా, ఎందుకంటే ఆ పాటికే బెండకాయ కొస విరిచి అతని ముందు పెట్టేవారు. హిందీలో ప్రతి వస్తువుకీ ఆడా మగా ఉంటాయని చెప్పిన రోజున మాత్రం కాసేపు నిర్ఘాంతపోయారు. మన దగ్గర కోడలూ వచ్చింది, కుక్కరూ వచ్చింది, పేచీ లేదు. "అయితే కుర్చీ ఆడది, ఫ్యాను మగాడూనా?" అని పైకి చూసి, "నిజమేలే, పొద్దస్తమానం తిరగడం తప్ప ఇంకో పనేముంది" అని తీర్పిచ్చారు. పక్కనే ఉన్న మా ఆయన చదువుతున్న పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

ఆ హిందీతోనే ఎదురు ఫ్లాటు పంజాబీ ఆంటీతో స్నేహం కుదిరింది. ఇద్దరిదీ ఒకటే ఈడు. మధ్యాహ్నాలు కలిసి బఠాణీలు ఒలిచేవారు. ఈ ఊళ్ళో మా అత్తగారికున్న ఒకే ఒక్క తోడు ఆవిడ. అలాంటిది ఒక చలికాలం ఆంటీ తలుపు తియ్యడం మానేశారు, ఎదురుపడితే ముఖం తిప్పుకున్నారు. అత్తగారికి అన్నం సయించలేదు. ఆఖరికి నేనే కింద పార్కింగులో ఆంటీని ఆపి అడిగాను. "మీ అత్తగారు రోజూ ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్తారు. నేను చాయ్ పెట్టుకుని, తలుపు తీసుకుని కూర్చుంటాను. ఒక్క రోజైనా తిరిగి వచ్చారా?" అన్నారు ఉక్రోషంగా.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఎవరింట్లోంచి కదిలినా "వస్తాను" అనడమే గాని "వెళ్తాను" అనడం మనకి లేదు గదా! మా అత్తగారు దాన్నే హిందీలో పెట్టి, గడప దాటుతూ "మై ఆతీ హూఁ బెహెన్‌జీ" అని వస్తున్నారు. ఇక్కడివాళ్ళకి అది మాటివ్వడం కిందే లెక్క.

"రేపట్నుంచి జాతీ హూఁ అనండత్తయ్యా, సరిపోతుంది" అన్నాను.

"అనను."

"ఒక్క మాటే కదా!"

"ఒక్క మాటే. ఆ రోజు మీ మామయ్యగారు కూడా ఆ ఒక్క మాటే అన్నారమ్మాయ్."

గేటు దాటిన మనిషి బస్టాండులో కుప్పకూలారని నాకు తెలుసు. ఎన్నడూ లేనిది ఆ పూట "వెళ్తున్నా" అని దాటారని తెలీదు.

"నువ్వు రాకు, నా మాట నేనే చెప్పుకుంటాను" అని ఆవిడ వెళ్ళి ఎదురు తలుపు తట్టారు. తీసేదాకా తట్టారు. రెండు తలుపులూ తెరిచే ఉండటంతో మా వంటింట్లోకి అంతా వినపడింది. "మేరా ఆద్మీ బోలా, జాతా హూఁ. ఫిర్ నహీఁ ఆయా. మై నహీఁ బోలేగా." మా ఆయన వెళ్తానన్నారు, మళ్ళీ రాలేదు, నేనా మాట అనను అని. అందులో తప్పులున్నాయి గాని అర్థం కానిదేమీ లేదు. తర్వాత ఆంటీ గొంతు వినిపించింది: "ఠీక్ హై, ఆతీ హూఁ హీ బోలో. లేకిన్ బోలా హై తో ఆనా పడేగా." అలాగే అనండి, కాని అన్నాక రావాల్సిందేనని షరతు.

అత్తగారు ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి సాయంత్రం ఎదురింటి నుంచి తిరిగొచ్చి, దేవుడి దగ్గర దీపం పెట్టి, మళ్ళీ చెప్పులేసుకునేవారు. "ఇప్పుడేగా వచ్చారు?" అంటే "మాటిచ్చానుగా" అనేవారు. మరి రెండోసారి వచ్చేటప్పుడు ఏమంటావని మా ఆయన ఆటపట్టిస్తే, "అప్పుడూ అదే అంటాను. దాని తాలూకు రాక రేపటిది" అన్నారు. మా ఆయన మళ్ళీ పేపరు పైకెత్తుకున్నారు.

ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. చెయ్యి పట్టుకుంటానంటే ఒప్పుకోరు. గోడ పట్టుకుని రెండుసార్లూ వెళ్తూనే ఉన్నారు. ఆంటీ అటు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఒకప్పుడు పాలు పొంగేలోపు వెళ్ళొచ్చిన ఆ కాస్త దూరానికి ఇప్పుడు సాయంత్రమంతా పట్టేస్తోంది. వాళ్ళిద్దరికీ తొందరేమీ లేదు. సాయంత్రం చాలదేమోనని భయపడేది నేనొక్కదాన్నే.