నడిమి అక్షరం

గొల్లపల్లి ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా మా జీపు టైరు పంక్చరైంది. డ్రైవరు జాకీ కింద పెట్టడానికి రాయి వెతుక్కుంటున్నాడు. కూర్చుని చూడటం నా వల్ల కాక, సంచి భుజాన వేసుకుని ముందుకు నడిచాను. ఉదయం ఎనిమిదిన్నర అయి ఉంటుంది. మలుపు తిరిగాక, కల్వర్టు దగ్గర ఒక మనిషి కనిపించింది. ముప్పై ఏళ్లు దాటిన ఆడమనిషి. నీలం చీర పైకి ఎగదోపి, తారు అంచున గొంతుక్కూర్చుని, పొడుగాటి వెదురు కర్రతో పక్కనున్న గడ్డిని పాయలు పాయలుగా విడదీస్తోంది. పక్కన ఒక రేకు పెట్టె.

"ఏం పోయిందమ్మా?" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "గుడిసె" అంది.

నాకు అర్థం కాలేదని తెలిసి, రోడ్డు మీది దుమ్ములో వేలితో గీసి చూపించింది. రెండు వాసాలు, నడుమ ఒక దూలం. ఇంగ్లిషులో మొట్టమొదటి అక్షరం.

"ఇంతుంటది తాతా. వెండి లెక్క మెరుస్తది. కారు డిక్కీ మీదికెళ్లి పడ్డది. నువ్వొచ్చిన దిక్కు ఏడన్న కనవడ్డదా?"

కనపడలేదన్నాను. ఆమె మళ్లీ గడ్డిలోకి చూపు దించింది.

పేరు హిడ్మే. పుట్టింది తర్రెం వైపు. చిన్నప్పుడు ఏటా చలికాలం తల్లి వెంట సరిహద్దు దాటి తెలుగు ఊళ్ల మిరప తోటల్లోకి కాయ ఏరడానికి పోయేదట. ఆ తెలుగు అక్కడిది. నాలుగేళ్లుగా సుక్మాలో బాబూరావు అనే ఆయన కారు డెకరేషన్ షాపులో పని. మొదట ఊడ్చింది, తర్వాత సీటు కవర్లు తొడిగేటప్పుడు అటు కొస పట్టుకుంది, ఆ తర్వాత అక్షరాలు. డిక్కీల మీద యజమానుల పేర్లు, పిల్లల పేర్లు, దేవుళ్ల పేర్లు, వాటి కింద మెరుపు పట్టీలు. ఆమెకు ఇంగ్లిషు రాదు, హిందీ కూడా కూడబలుక్కోవాలి. అయినా ఆమె అతికించిన పేర్లలో అక్షరాల నడుమ ఎడం ఎక్కడా తేడా రాదని షాపులో అందరూ అనేవారట.

"అదెట్లా?" అని అడిగాను.

"చదువుకున్నోళ్లు అక్షరం చూస్తరు. నాకు అక్షరం తెల్వది గద, సందులే కనవడ్తయ్."

మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు గుర్తొచ్చింది. ఆ పని చేసేవాళ్లను నేను చాలా ఊళ్ల బజార్లలో చూశాను. చిన్న మోటారు మేకుతో జర్రున పేరు లాగేసి, తప్పు పోతే పువ్వు చెక్కి కప్పేస్తారు. కారు మీద అంత సుళువు కాదు. అక్షరం వెనక టేపు ఒకసారి అంటుకుంటే అంతే. వంకర పోయిందని మళ్లీ పీకితే రంగు కూడా లేచొస్తుంది.

నిన్న మధ్యాహ్నం బాబూరావు జగదల్‌పూర్ పోతూ, మొదటిసారి ఒక కారును పూర్తిగా ఆమె చేతికి వదిలాడు. గొల్లపల్లి మిర్చి రైతు కాశయ్య కొన్న సెకండ్ హ్యాండ్ కారు. తల్లి సోమక్క పేరు ఇంగ్లిషులో ఏడక్షరాలు, కింద పట్టీ. సాయంత్రం కాశయ్య ఇంటికి వస్తూ ఈ కల్వర్టు మీద టంగుమన్న చప్పుడు విన్నాడు. ఇంటికి పోయి చూస్తే నడిమి అక్షరం లేదు. ఈ రోజు పదకొండింటికి ఆ కారులో తల్లిని మొదటిసారి ఎక్కించుకుని భద్రాచలం పోవాలి. బాబూరావుకు ఫోన్ చేసి తిట్టాడు. బాబూరావు హిడ్మేకు ఒకే మాట చెప్పాడు: పదకొండులోగా అతికిస్తే సరే, లేకపోతే ఇక బండి మీద చెయ్యి వెయ్యకు. అక్షరాలు రాయ్‌పూర్ నుంచి ఏడే వచ్చాయి. ఇంకొకటి లేదు. కొత్త టేపు చుట్ట కూడా ఆయన ఇవ్వలేదు.

తెల్లవారుజామున బస్సెక్కి దిగి, అప్పటి నుంచి ఈ రెండు వందల గజాలూ వెతుకుతోంది.

"గడ్డిలోకి దిగి చూడరాదూ?" అన్నాను. అన్న వెంటనే నాకే సిగ్గేసింది.

ఆమె నా వైపు ఒకసారి చూసి, తారు అంచు దాటకుండానే మళ్లీ గడ్డిని పాయలు తీసింది. ఈ దారుల్లో భయం తగ్గిందని ఇప్పుడందరూ అంటారు. బస్సులు తిరుగుతున్నాయి, టవర్లు లేచాయి. నేను చాలా ఏళ్ల కింద ఇటు వచ్చినప్పుడు, నాతో నడిచిన మనిషి దాహమేసినా తారు దిగలేదు. మట్టి కింద మందుపాతర ఎక్కడ పెట్టారో పెట్టినవాళ్లకే తెలుసు అన్నాడు. వార్తలు మారినంత త్వరగా కాళ్లు మారవు.

అప్పుడు మెరిసింది. కల్వర్టు అవతల, తారుకు నాలుగు బారల దూరంలో, పొద చాటున. ఆమె కర్ర చాపింది. అందలేదు. నేను చాపాను. అందలేదు.

హిడ్మే లేచి నిలబడి మట్టిని చాలాసేపు చూసింది. నేను టైము చూశాను, తొమ్మిదిన్నర.

"వద్దులే తల్లీ. జీపు డ్రైవరు దగ్గర తాడుంటుందేమో, కొక్కెం కట్టి..."

"ఆగు తాతా."

ఆమె చూస్తున్నది గిట్టల గుర్తులను. పశువులు నీళ్లకు పోయిన దారి ఒకటి పొద పక్క నుంచే ఉంది. పెట్టె నాకిచ్చి, చెప్పులు విడిచి, మొదటి గిట్ట గుర్తులో మునివేళ్లు పెట్టింది. తర్వాత రెండోది. ఆవు అడుగుకు మనిషి అడుగు సరిపోదు. మడమ గాల్లో ఉంచి, చేతులు చాచి, ఒక్కొక్క గుర్తులోనే కాలు పెడుతూ పోతోంది. పొద దగ్గర గుర్తులు పక్కకు తిరిగాయి. ఆమె ఒంటి కాలి మీద నిలబడి, వంగి, చెయ్యి సాచి, అక్షరాన్ని రెండు వేళ్లతో పైకి తీసింది. మళ్లీ అవే గుర్తుల్లో, వెనక్కి వెనక్కే వచ్చింది. తారు మీదికి వచ్చాక కూర్చుండిపోయింది.

అక్షరం తుడవడానికి పెట్టె తెరిచింది. బ్లేడు, చేపల గాలం దారం, అరమీటరు పట్టీ ముక్క, రెండు చిన్న సీసాలు. ఒకటి స్పిరిటు. రెండోది తీసి మూత దగ్గర వాసన చూశాను. ఇప్పనూనె.

ఆమె నా చేతిలోంచి లాక్కుంది. "అది తలకు" అంది.

అక్షరం వెనక మిగిలిన టేపును బొటనవేలితో రుద్ది, ఆ వేలిని నాకు కనపడకుండా కొంగుకు తుడుచుకుంది. తలనూనెను పనిముట్ల పెట్టెలో ఎవరు పెట్టుకుంటారు? అడగలేదు.

గొల్లపల్లి దాకా నడిచి, పదిన్నరకు కాశయ్య వాకిట్లో ఉన్నాం. తెల్లటి కారు. డిక్కీ మీద ఆరక్షరాలు, నడుమ పన్నూడిన సందు. కాశయ్య ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏందమ్మా, మీ బాబూరావు అన్నం మెతుకులు పెట్టి అతికిస్తుండా?"

"గతుకులకు పడ్డదన్నా" అంది హిడ్మే.

"గతుకులా? ఏడుంటే ఒక్కటే పడ్డది. మిగిలిన ఆరు గతుకు ఎక్కలేదా?"

హిడ్మే డిక్కీని ఎండ వైపు తిప్పించింది. పట్టీ ముక్క వెనకున్న టేపును ఒలిచి, బ్లేడుతో మూడు సన్నటి పేలికలు కోసి, అక్షరం వెనక రెండు వాసాలకూ దూలానికీ అతికించింది. ఖాళీ చోటును స్పిరిటుతో ఒకసారి కాదు, ఐదుసార్లు తుడిచింది. ప్రతిసారీ వేలు ఆనించి, ఆ వేలిని బుగ్గకు రాసుకుని జిడ్డు చూసుకుంది. ఎండకు రేకు వేడెక్కేదాకా ఆగింది. కాశయ్య గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పది యాభైకి అక్షరాన్ని సందులో నిలిపింది. కొలబద్ద లేదు. తల అటు వంచి, ఇటు వంచి, ఒక్క నొక్కు నొక్కి, అరచేయి అక్కడే ఆనించి కదలకుండా నిలబడింది.

ఈలోపు కాశయ్య బాబూరావుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "బాబూరావూ, నీ టేపు డూప్లికేట్. పిల్లది మంచిగనే చేస్తుంది. తప్పు నీ మాలుదే."

"నా టేపు అసలుదన్నా. కంపెనీ సీలు చూపిస్తా."

"ఏం సీలు! నేను ఊరంతా చెప్తా చూడు."

హిడ్మే అరచేయి తీయలేదు. నేను ఆమె ముఖం చూశాను. నోరు విప్పకపోతే చాలు, నేరం టేపు మీదికి పోతుంది. ఆమె పని ఆమెకుంటుంది.

అప్పుడే సోమక్క బయటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చేతిలో గిన్నె, గిన్నెలో నూనెలో కలిపిన పసుపు. "నా పేరు ఎన్క రాయిస్తివి ఏందిరా? లారీ డ్రైవర్లు చదువుకోనీకా?" అంటూ నేరుగా డిక్కీ దగ్గరికి వచ్చి వేలు ముంచింది. "జరుగు బిడ్డా. పేరుకు బొట్టు పెట్టాలె."

హిడ్మే జరగలేదు. "వద్దవ్వా. రేపటిదాకా తడి గాని, నూనె గాని తగలొద్దు."

"ఏందే, బొట్టు పెడితే ఊడిపోయే పేరా నాది? జరుగంటే!" ముసలామె హిడ్మే మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. పసుపు వేలు అక్షరానికి బెత్తెడు దూరంలో ఉంది.

"నిన్న నేను గూడ పెట్టిన అవ్వా!"

కాశయ్య ఫోన్ పట్టుకునే ఇటు తిరిగాడు.

"మా ఇంట్ల కొత్త గొడ్డలికైనా, నాగలికైనా ముందు ఇప్పనూనె చుక్క పెడ్తరు. నా చేతికిచ్చిన మొదటి బండి ఇది. నడిమి అక్షరం ముందుగాల అతికియ్యాలె, అందుకే ఆ జాగల ఒక్క చుక్క పెట్టిన. కొంగుతోని తుడిచిన. పోయిందనుకున్న. టేపుది కాదు తప్పు. నువ్వు పెడితే మళ్లా పడ్తది."

ఫోన్లో బాబూరావు గొంతు మెల్లగా వచ్చింది. అరిచి ఉంటేనే బాగుండేదేమో.

"కాశన్నా, ఆమెకు చెప్పు. పనికైతే రమ్మను. రేపటికెళ్లి సీటు కవర్లు పట్టుకుంటది. అక్షరాలు నేను పక్కనుంటేనే. ఒక్కతికి బండి ఇయ్య."

ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేదు. అందరం విన్నాం.

సోమక్క వేలు ఇంకా గాల్లోనే ఉంది. "మరి ఏడ పెట్టాలె నేను?" అని గొణిగింది. హిడ్మే అరచేతిని డిక్కీ మీది నుంచి తీసి, ఆమె మణికట్టు పట్టుకుని, వంచి, వెనక టైరు మీద పెట్టించింది.

కాశయ్య ముందుకొచ్చి అక్షరాన్ని గోటితో గీరి చూశాడు. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. కదల్లేదు. దూరం పోయి ఒక కన్ను మూసి చూశాడు. ఏడక్షరాలూ ఒకే చేత్తో విత్తిన గింజల్లా ఉన్నాయి.

"సందు మాత్రం తప్పలేదు పిల్లా" అంటూ వెనక్కి తిరిగాడు. "చాయ్ తాగి..."

పెట్టె లేదు, ఆమె లేదు. కంచె గేటు ఊగుతోంది. నేను రోడ్డు మీదికి వచ్చేసరికి, టైరుకు పంక్చరు వేయించుకుని అప్పుడే మా జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. "హిడ్మే, బస్సు దాకా దింపుతాం" అని కేకేశాను. ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని, వచ్చిన దారినే పోతోంది. ఎదురుగా ఒక మోటార్ సైకిల్ వచ్చి హారన్ మోగించింది. ఆమె పక్కకు తప్పుకుంది, మడమ సరిగ్గా తారు అంచు దాకా వచ్చి ఆగింది. బండి పోయాక మళ్లీ రోడ్డు నడుమకు వచ్చి నడక సాగించింది.