స్క్రూడ్రైవరుతో విన్న యాభై ఒక్క నిమిషాలు

లిఫ్టులు బాగుచేసే లిఫ్టాయన మోటారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు కొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుంటే, అచ్చం నాడి చూస్తున్న వైద్యుడిలా ఉంటాడు. కళ్లు మూసుకుంటాడు. నోరు కొంచెం తెరుచుకుంటుంది. అర నిమిషంలో లేచి, బేరింగు పోయిందనో, గేరులో నూనె తగ్గిందనో తేల్చేస్తాడు. పందొమ్మిదేళ్లలో ఆయన లెక్క తప్పింది రెండుసార్లే. ఆ రెండూ ఆయనే చెప్పుకున్నాడు కాబట్టి తెలిశాయి గానీ, లేకపోతే ఎవరికి తెలుస్తుంది?

అంత చెవి ఉన్న మనిషి ఇంట్లో వినే పాటలేమిటో తెలిస్తే వీధిలో సగం మంది నమ్మరు, మిగతా సగం జాలిపడతారు.

ఎక్కడో సముద్రం గడ్డకట్టే రేవు పట్నంలో నలుగురు కలిసి చేసిన ఒకే ఒక్క ఆల్బమ్ అది. ఏడు పాటలు, యాభై ఒక్క నిమిషాలు. ఆ రకాన్ని డెత్ మెటల్ అంటారు. పాడేవాడు బావి అడుగునుంచి గర్జిస్తాడు, డ్రమ్ములు రేకుల మీద వడగళ్లలా పడతాయి. ఈ నలుగురూ అక్కడితో ఊరుకోలేదు. గర్జన మధ్యలో గిటారు ఒక్కో తీగా మీటి గదినిండా పొగమంచు దింపుతారు. ఆ మంచులో ఎవరో మామూలు గొంతుతో రెండు ముక్కలు పాడతారు. తాళాన్ని బుద్ధిగా నాలుగేసి దెబ్బల చొప్పున నడవనివ్వరు, ఏడూ అయిదూ చేసి మెలిపెడతారు. కొత్తవాడు వింటే మెట్టు ఉందనుకుని కాలు వేసి గాల్లో పడ్డట్టుంటుంది.

మూసేస్తున్న సీడీల కొట్టు గుమ్మంలో, ఊరికే తీసుకెళ్లమని పెట్టిన అట్టపెట్టెలో దొరికింది ఆయనకది. అట్ట మీద నీళ్లలోకి దిగిపోతున్న మెట్ల బొమ్మ ఉంది. మెట్లంటే లిఫ్టాయనకు పగ కదా, ఆ పగతోనే తీసి చూశాడు. అంతే, పదకొండేళ్లుగా దిగుతూనే ఉన్నాడు. అది వచ్చిన కొత్తలో ఏదో పత్రిక దాని గురించి రాసింది ఒక్కటే మాట: పొడుగెక్కువ, పస తక్కువ. ఆ నలుగురూ తలో దిక్కూ పోయారు. ఆ మాట చదివిన రోజు లిఫ్టాయన సరిగ్గా భోంచేయలేదు.

మంచిది దొరికితే పక్కవాడికి చెప్పకుండా ఉండలేని కడుపు ఆయనది. ఒకసారి లిఫ్టులో ఇరుక్కున్న పళ్ల డాక్టరుకు తలుపు బయటనుంచి నాలుగో పాట ఆసాంతం వివరించాడు. ఆ డాక్టరు అప్పటినుంచి మెట్లెక్కే వెళ్తున్నాడట. ఎంతమందికి చెప్పినా, ఆ ఆల్బమ్‌ని మొదటినుంచి చివరిదాకా కూర్చుని విన్నవాళ్లు మాత్రం ఆయన గాక మరొకరు లేరు.

ఇలా ఉండగా ఒక గురువారం ఆయన భార్య తీర్పు చెప్పేసింది. ఆమె రక్తం తీసే ల్యాబులో పనిచేస్తుంది. జాలిపడుతూ కూర్చుంటే సూది దిగదని తెలిసిన మనిషి.

“ఏమండీ, ఆదివారం నుంచి అమ్మ మన దగ్గరే ఉంటుంది. వెనక గదిలో మంచం పడాలంటే ఆ రెండు స్పీకరు పెట్టెలూ లేవాలి.”

“ఒకటి తీస్తే సరిపోదూ?”

“ఒంటి చెప్పుతో ఎక్కడికి వెళ్తారు? ఆ రోజే నాలుగింటికి తమ్ముడు వ్యాను తెస్తాడు. వాడి గోడౌనులో పెట్టుకుంటాడులెండి.”

“ఆ గోడౌను గోడలకు చెమ్మ కారుతుంది. ఆర్నెల్లలో పెట్టెలు ఉబ్బిపోతాయి.”

“మా అమ్మను చెమ్మలో పడుకోబెట్టమంటారా మరి?”

ఆ పెట్టెలు నడుమెత్తున ఉంటాయి. చెక్క కొని, కోసి, నునుపు పట్టించి ఆయనే చేసుకున్నాడు. ఆ డ్రమ్ముల అడుగు మోత చిన్న డబ్బాల్లో పలకదు. పెట్టెలు పోతే ఆల్బమ్ పోయినట్టే.

ఆదివారం అత్తగారు దిగింది. ముప్ఫై రెండేళ్లు మరమగ్గాల షెడ్డులో ఆరు మగ్గాలు ఒక్కతే చూసుకున్న మనిషి. ఆ మోతకు చెవులు సగం అరిగిపోయాయి. గట్టిగా మాట్లాడితే ఎందుకరుస్తావంటుంది, మెల్లగా మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తుంది. ఆవిడ ఉన్న గదిలో గుట్టు మాట్లాడుకోవాలంటే గోడవైపు తిరగాల్సిందే.

భోజనాలయ్యాక వెనక గదిలోకి వచ్చి చూస్తే, అల్లుడు మెత్తటి గుడ్డతో పెట్టెను రాస్తూ కూర్చున్నాడు.

“అల్లుడుగారూ, దాన్ని తుడుస్తున్నారా, ఓదారుస్తున్నారా?”

ఆయన నవ్వాడు గానీ నవ్వు మొహందాకా రాలేదు. అత్తగారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. సంగతి కూపీ లాగడం ఆవిడకు నూలు తీయడం కంటే తేలిక. పది నిమిషాల్లో రేవు పట్నం, పత్రిక మాట, పళ్ల డాక్టరు, చెమ్మ గోడౌను, అన్నీ బయటికొచ్చాయి.

“అయితే నాకు వినిపించండి,” అంది.

గుమ్మంలో నిలబడ్డ కూతురు ఫక్కున నవ్వింది. “చెవిటివాడి ముందు శంఖం అంటే విన్నాను గానీ, ఇవాళ చూస్తున్నాను.”

“నువ్వు గోడవైపు తిరిగి అనాల్సింది, నాకు తెలిసిపోయింది,” అంది తల్లి. “వినండి ఇద్దరూ. ఈ పాటలయ్యేదాకా నేను స్టూలు మీదనుంచి లేవకపోతే పెట్టెలుంటాయి, నా పాట్లు నేను పడతాను. మధ్యలో లేచానా, వ్యాను ఎక్కుతాయి. సరేనా?”

గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆయన సీడీ పెట్టబోయి ఆగాడు. సంచిలోంచి పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. కొనను పెట్టె చెక్కకు ఆనించి, పిడిని అత్తగారి చెవి వెనక ఎముకకు తగిలించి, “ఇలా పట్టుకోండి అత్తయ్యా. మోటార్లను నేను ఇలాగే వింటాను,” అన్నాడు.

మొదటి పాట మొదలైంది. గిటారు ఒంటరిగా నాలుగు స్వరాలు దిగింది, మెట్లు దిగినట్టే. మంచు పరుచుకుంది. తర్వాత డ్రమ్ములు, వాటి మీద గర్జన. అత్తగారి కనుబొమలు రెండూ పైకి లేచి అక్కడే ఉండిపోయాయి.

“అదేంటే,” అంది కూతురితో, “ఈ ఇంట్లో నాకు తేటగా వినబడే మనిషి వీడొక్కడే. నీ గొంతు పిచ్చుక గొంతు, ఎముకదాకా రాదు.”

లోకమంతా ఏ గొంతునైతే అర్థం కాదని కొట్టిపారేసిందో, ఆ గొంతే ఈవిడ చెవికి చేరింది.

రెండో పాట సగంలో అత్తగారి ఎడమ చెయ్యి మోకాలి మీద తట్టడం మొదలుపెట్టింది. ఆరు తట్టి, ఏడో తట్టు సగంలో ఎత్తేస్తోంది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చూశాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ లెక్క దొరకడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది.

“వీడు ఏడో దెబ్బను మింగేస్తున్నాడు,” అంది ఆవిడ. “బద్ధకం కాదు, కావాలనే. ప్రతిసారీ అదే చోట. మా నాలుగో మగ్గం ఇలాగే నడిచేది. మేస్త్రీలు బాగుచేస్తామంటే నేను ముట్టుకోనివ్వలేదు.”

“ఇంకా ఉందత్తయ్యా. అయిదో పాటలో...”

“చెప్పకండి. నన్ను విననివ్వండి.”

మూడో పాట నడిచింది, నాలుగోది నడిచింది. కూతురు గుమ్మంలోనే టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. టీ చల్లారింది. ఇక అయిదో పాట. ఆ పాట మధ్యలో అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. తొమ్మిది సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత వచ్చేదాని కోసమే ఆయన పదకొండేళ్లుగా ఆ ఆల్బమ్ వింటున్నాడు.

అన్నీ ఆగాయి.

అత్తగారు చటుక్కున లేచింది. రెండంగల్లో వెళ్లి మెషీను స్విచ్చు టక్కున కట్టేసింది.

బయట వ్యాను హారను మోగింది.

“లేచింది,” అంది కూతురు, గెలిచినట్టు కాదు, కాస్త నొచ్చుకున్నట్టే. “అమ్మా, ఇంకొంచెం ఆగలేకపోయావా?”

లిఫ్టాయన గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాడు. అత్తగారు మాత్రం స్విచ్చు మీద చెయ్యి తీయకుండా, తన చేతిని తనే వింతగా చూసుకుంటోంది.

“దారం తెగింది కదా మరి,” అంది. “షెడ్డులో మోత ఆగిందంటే ఎక్కడో తెగినట్టే. పరుగెత్తి స్విచ్చు కట్టకపోతే మగ్గం మళ్లీ కదిలి బట్టంతా పాడు. ముప్ఫై రెండేళ్ల అలవాటు, నన్నడక్కుండానే కాళ్లు లేచాయి.” అల్లుడివైపు తిరిగింది. “అది తెగడం కాదా?”

“కాదత్తయ్యా. వాళ్లు కావాలనే ఆపారు. తర్వాత ముడి పడుతుంది.”

“ముడి పడుతుందా? చూడకుండా ఎలా వదిలేస్తానూ. పెట్టండి మళ్లీ.”

“పందెం?” అంది కూతురు.

“నేను లేచింది పారిపోవడానికి కాదే, పనికి. వేరు వేరు. తమ్ముణ్ణి చెప్పులిప్పి లోపలికి రమ్మను, చప్పుడు చేయొద్దను.”

అయిదో పాట మళ్లీ మొదటినుంచి వేశాడు. వ్యాను తమ్ముడు అక్క పక్కన నిలబడి నోరు తెరవబోతే ఆమే మూసింది. అన్నీ ఆగాయి. అత్తగారు స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. తొమ్మిది సెకన్లు. చీకట్లోంచి ఒక్క గిటారు తీగ వచ్చింది, దాని పక్కకు ఇంకోటి, వాటి కింద నెమ్మదిగా డ్రమ్ము, ఒకేసారి గర్జనా మామూలు గొంతూ కలిసి లేచాయి. పెట్టె చెక్క వణికింది, స్క్రూడ్రైవరు వణికింది, ఆవిడ ముక్కుపుడక కూడా వణికింది.

“పడింది ముడి,” అంది అత్తగారు.

చివరి పాటలో గిటారు నాలుగు స్వరాలు దిగగానే ఆవిడ వేలు పైకి లేచింది. “ఇది మొదట్లో వచ్చిందే. పడుగు అదే ఉంచి పేక మార్చాడు. చూశారా ఎంత పనిమంతుడో.”

లిఫ్టాయన ఆ మాటను మళ్లీ అనమని అడిగాడు. ఆవిడ మళ్లీ అంది. పొడుగెక్కువ పస తక్కువ అన్న పత్రికవాడు ఎక్కడున్నాడో గానీ, వాణ్ణి తెచ్చి ఈ స్టూలు పక్కన నిలబెట్టాలనిపించింది ఆయనకు.

పాటలయ్యాక తమ్ముడు చేతులు దులుపుకున్నాడు. “ఏవి పెట్టెలు?”

“పెట్టెలు కాదురా,” అంది తల్లి. “మంచానికి తలవైపు ఉన్న చెక్క పలక ఊడదియ్యి, అదీ మీ గోడౌనుకు వెళ్లేది. దాని చోట ఈ రెండూ చెరోవైపు నిలబడితే మంచం సరిగ్గా పడుతుంది. నేను కంటితోనే కొలిచాను.”

“ఎప్పుడు కొలిచావమ్మా?” అంది కూతురు.

“మూడో పాటలో. అది మరీ సాగదీశాడు, నాకు తీరిక దొరికింది.”

లిఫ్టాయన ఏదో అనబోయాడు. మూడో పాట మీద ఈగ వాలనివ్వని మనిషి, ఎందుకో ఆలోచించి, “రెండు నిమిషాలు తగ్గించి ఉండొచ్చులెండి,” అని ఒప్పుకున్నాడు.

సోమవారం పొద్దున పళ్ల డాక్టరు భవనంలో లిఫ్టు మళ్లీ మొరాయించింది. ఆయన మోటారు ముందు కూర్చుని సంచిలో చెయ్యి పెడితే పొడుగు స్క్రూడ్రైవరు లేదు. అది ఎవరి దిండు కింద ఉందో ఆయనకు తెలుసు. పొట్టిదే తీసి, మెడ వంచి, చెంప దాదాపు మోటారుకు ఆనించి విన్నాడు. మోటారు నాలుగేసి దెబ్బల చొప్పున బుద్ధిగా తిరుగుతోంది. ఆయన వేళ్లు మాత్రం మోకాలి మీద ఏడు తడుతున్నాయి.