అనుమతి లేకుండా కొట్టిన గంట

మా కాలేజీ రూల్సు పుస్తకంలో మొదటి రూలు, విద్యార్థులు నినాదాలు చేయరాదు. కాలేజీ ఉన్నదేమో ఎల్బీనగర్ చౌరస్తాకి కూతవేటు దూరంలో. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఆ రూలు రాసినవాళ్ళు ఏ లోకంలో ఉండి రాశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

క్రమశిక్షణ సంఘంలో విద్యార్థుల తరఫున ఒకరు ఉండాలని కూడా ఆ పుస్తకమే చెప్పింది. నన్ను వేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కోస్తా కుటుంబం పిల్లని, క్లాసులో నోరు విప్పను, అందరినీ అండీ అంటాను. ఇంతకంటే అర్హత ఏం కావాలి? మిగతా సభ్యులు కాలేజీ యజమాని అయిన కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాల్ గారు.

బందులకి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఉద్యమం కుర్రాళ్ళు గేటు దగ్గరికి వచ్చి అరుస్తారు. మేం సంచులు సర్దుకుంటాం. మర్యాదకి కాసేపు ఆగి కరస్పాండెంటు గారు తల ఊపుతారు. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క మీద అటెండరు లాంగ్ బెల్ కొడతాడు. కుర్రాళ్ళు జై కొట్టి పక్క కాలేజీకి వెళ్ళిపోతారు. మేం మూసేశామని వాళ్ళ సంతోషం, బలవంతాన మూయించారని చెప్పుకోవచ్చని మేనేజ్‌మెంటు సంతోషం. కిటికీ అద్దాలు కూడా క్షేమం.

ఒకరోజు కరస్పాండెంటు గారు ఊళ్ళో లేరు. తల ఊపే మనిషి లేక అటెండరు గంట ముట్టలేదు. బయట అరుపులు ముదిరి గేటు ఊగిపోతోంది, ఎవరో రాయి కూడా అందుకున్నారు. నా పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి వెళ్ళి, సుత్తి తీసుకుని గంట కొట్టేసింది. రాయి పట్టుకున్నవాడు రాయి పడేశాడు. అందరం చక్కగా ఇళ్ళకి పోయాం.

ఆ అమ్మాయి అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చేది. మా అందరికంటే బాగా చదివేది. అనుమతి లేకుండా గంట కొట్టుట అనే నేరం కింద ఆమెని సంఘం ముందు నిలబెట్టారు.

"నీ వెనక ఎవరున్నారమ్మా?" అన్నారు కరస్పాండెంటు గారు.

"ఎవ్వరు లేరు సార్."

"మరి ఇలా గంట కొట్టడం ఎవరు నేర్పారు?"

"మా నాయిన."

పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తండ్రి ఎవరో ఉద్యమ నాయకుడని అక్కడికక్కడే తేలిపోయింది. ఆయన వచ్చి సంజాయిషీ చెప్పేదాకా సస్పెన్షన్ అన్నారు. ఆమె మెడలోని ఐడీ కార్డు తీయించి సొరుగులో పడేశారు. నేను ఏదో చెప్పబోతే, విద్యార్థి సభ్యురాలు అడిగినప్పుడే మాట్లాడాలన్న రూలు చూపించారు. ఎప్పుడు అడుగుతారన్న రూలు మాత్రం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంటే హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. ఈ ఏడాది పోతే మళ్ళీ కాలేజీకి పంపరని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో బట్టల షాపులో నిలబెడతారని ఆమె నాతో చెప్పి ఏడ్చింది. విచారణ పెట్టిన ప్రతిరోజూ బందే. బందు పేరుతో విచారణ వాయిదా. గంట కొట్టి కాలేజీ మూయించిన నేరం మీద విచారణ జరగాలంటే కాలేజీ తెరిచి ఉండాలి కదా.

చివరికి ఒకరోజు తండ్రీ కూతుళ్ళు వచ్చారు. కార్డు లేనిదే లోపలికి పంపనని వాచ్‌మన్ ఆపేశాడు. కార్డేమో లోపల సొరుగులో ఉంది. ప్రిన్సిపాల్ గారే గేటు దాకా వెళ్ళి ముద్దాయిని తెచ్చుకోవాల్సి వచ్చింది.

నాయకుడి కోసం ఎదురుచూస్తున్న గదిలోకి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక బక్క మనిషి చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు.

"మీది ఏ పార్టీ అండీ?" అన్నారు కరస్పాండెంటు గారు జాగ్రత్తగా.

"పార్టీ ఏంది సార్? మా ఊర్ల చర్చి గంట కొడ్త నేను. గిట్లనే పట్టా ముక్కనే. ప్రార్థనకు కొడ్త. యాడన్న అగ్గి అంటుకున్నా, ఎవలకన్న ఆపదొచ్చినా కొడ్త, జనం ఉరికొస్తరు. గదే మా పోరికి నేర్పిన. తప్పా సార్?"

ఎవరైనా జవాబు చెప్పే లోపే గేటు దగ్గర నినాదాలు మొదలయ్యాయి. కరస్పాండెంటు గారు అలవాటు ప్రకారం తల ఊపారు. చూసేవాళ్ళు లేరు. ఆ రోజు అటెండరు కూడా బయట గుంపులోనే ఉన్నాడు. పై అంతస్తులో ఒక అద్దం భళ్ళుమంది.

"ఏమ్మా, నువ్వెళ్ళి ఆ గంట కొట్టు!" అన్నారు కరస్పాండెంటు గారు.

ఆమె కదల్లేదు. "సస్పెన్షన్‌ల ఉన్న సార్. కార్డు లేకుంట వరండల తిరగొద్దని రూలు."

ఇంకో అద్దం పోయింది. ఆయన సొరుగు లాగి కార్డు ఆమె చేతిలో పెట్టారు.

"మరి అనుమతి సార్?"

"ఇచ్చాను తల్లీ, ఇచ్చాను!"

ఆమె తీరిగ్గా కార్డు మెడలో వేసుకుని వెళ్ళింది. గంట మొదలవగానే సంఘం పెద్దలు వెనక గేటు వైపు నడిచారు. తీర్పు ఎవరూ రాయలేదు. ఆ కార్డు మళ్ళీ ఎవరూ అడగలేదు. సస్పెన్షన్ రోజుల్లో ఎక్కువ బందులే కావడంతో హాజరు కూడా తగ్గలేదు. ఆమె పరీక్ష రాసింది.

కానీ అప్పుడు ఆ గదిలో అదేమీ తెలియదు. నేనూ, ఆమె తండ్రీ మిగిలాం.

"ఎంక్వైరీ అయిపోయిందా బిడ్డా? మా పోరిని ఏం జేసిండ్రు?"

నన్ను మొదటిసారి ఒకరు అడిగారు.

"రేపట్నుంచి క్లాసుకి రావచ్చండీ," అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాడు. చెప్పులు తొడుక్కోలేదు. కూతురు కొడుతున్న గంట ఆగేదాకా, చర్చిలో నిలబడినట్టు చేతులు కట్టుకుని, వట్టి కాళ్ళతో ఆ వరండాలోనే నిలబడ్డాడు.