శరావతి మీద సొరంగం

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాలు లేకపోవడమనేది ఉండదు. లేకపోతే ఎవరో ఒకరు అవుతారు. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన సుదర్శనం ఇంటికి ముప్ఫై ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. బాబాయి కొడుకులు, ఆ బాబాయి కొడుకుల ఇంట్లో అద్దెకున్నవాళ్లు, ఎప్పుడో బస్సులో పక్కసీట్లో కూర్చుని అడ్రసు పుచ్చుకున్నవాళ్లు. అందరూ స్వామి కోసం వచ్చేవాళ్లే గనక ఆయన ఎవరినీ కాదనలేదు. కాదనకపోవడం ఆయన వంతు, పులిహోర కలపడం ఆయన భార్య వకుళాదేవి వంతు. కొండ దిగి వచ్చినవాళ్లు గుండ్లకు గంధం పూసుకుని హాల్లో వరసగా పడుకుంటే, వాళ్ల మధ్య తిరుగుతూ ఆయన తెగ మురిసిపోయేవాడు.

రైలు కూత వినపడితే ఎవరికైనా ప్రయాణం గుర్తొస్తుంది. వకుళాదేవికి ఇంకాస్త బియ్యం కడగాలని గుర్తొచ్చేది.

భర్త రిటైరయ్యాక ఆమె తన కోరిక బయటపెట్టింది. "నాకు కిటికీ పక్క సీటు కావాల. నాలుగు రోజులు ఎవరికీ వడ్డించకుండా, కొండలూ నీళ్లూ చూస్తా కూచోవాల."

చెన్నైలో ఉద్యోగం చేసే కూతురు శ్రీనిధి ఫోన్లో మూడు దార్లు చూపించింది. అరకు, కాశ్మీరు, కొంకణ్. ఎంచే పని నాన్నకు అప్పగించి వెళ్లిపోయింది. సుదర్శనం కళ్లజోడు పెట్టుకుని రైల్వే పటం ముందు కూర్చున్నాడు. ఆయన పటం చూసే పద్ధతి వేరు. మనకు అందులో నదులూ కొండలూ కనిపిస్తాయి, ఆయనకు చుట్టాలు కనిపిస్తారు.

అరకు పోవాలంటే విశాఖపట్నంలో దిగాలి. అక్కడ ఆయన పిన్నమ్మ కొడుకు త్రివిక్రమ్ ఉన్నాడు. ఏటా దర్శనానికి వచ్చే మనిషి. ఊళ్లో దిగి ఇంటికి పోకపోతే బాధపడతాడు. పోతే మాత్రం అతని భార్య అమల, "అక్కా, మీ చేతి పులిహోర తిని ఎన్నాళ్లయిందో" అంటూ గరిటె చేతికిస్తుంది. వకుళాదేవి అరకు పేరెత్తనివ్వలేదు. కాశ్మీరు దారిలో ఢిల్లీ ఉంది, ఢిల్లీలో పాత ఆఫీసరుగారి మేనల్లుడు ఉన్నాడు. పైగా సుదర్శనం డిసెంబర్లో తిరుమలకే మంకీ క్యాప్ లేకుండా వెళ్లడు. ఇక మిగిలింది కొంకణ్. మంగళూరు నుంచి రైలు దిగాల్సిన మడగావ్ దాకా ఎంత వెతికినా వాళ్లింట్లో చెయ్యి కడిగినవాడు ఒక్కడూ దొరకలేదు.

ఆ మాట విని వకుళాదేవి మొహం వెలిగిపోయింది. సుదర్శనానికి మాత్రం అదే పెద్ద లోపంగా తోచింది. తెలిసినవాళ్లే లేని ఊళ్లకు పోవడమేమిటని రెండ్రోజులు గొణిగాడు. తర్వాత ఆ దారిలో ఉన్న సొరంగాల మీద పడ్డాడు.

"అంత దూరం పోయి చీకట్లో కూచోవాల్నా? సొరంగంలో ఏముండాది చూసేదానికి?"

చీకటైనా సరే కూర్చుంటానంది ఆమె. టికెట్లు బుక్కయ్యాయి.

వారం తిరక్కుండా త్రివిక్రమ్ ఫోన్ చేశాడు. ఇంటిల్లిపాదికీ దర్శనం టికెట్లు దొరికాయట. ఎప్పటికయ్యా అంటే, సరిగ్గా వీళ్లు రైల్లో ఉండే రోజులకే. విశాఖపట్నాన్ని ఎంత తెలివిగా తప్పించుకుంటే ఏం లాభం, విశాఖపట్నమే బయలుదేరి వస్తోంది. సుదర్శనం నోరు మాత్రం అలవాటు ప్రకారం, "రాండి రాండి, దానికేముండాది" అనేసింది.

ఫోన్ పెట్టేసి ఆయన భార్య వైపు చూడలేకపోయాడు. రైళ్లు ఎక్కడికీ పోవనీ, వచ్చే ఏడు వెళ్లొచ్చనీ, స్వామి కోసం వచ్చేవాళ్లను కాదంటే స్వామిని కాదన్నట్టేననీ గోడకు చెప్పుకున్నాడు. వకుళాదేవి అటక మీది సూట్‌కేసు తానే దించుకుంది.

"వాళ్లు స్వామి కోసమే గదా వస్తా ఉండారు. స్వామి ఈడనే ఉంటాడు. నేను పోతాను."

తాళం పక్కింటి మునిలక్ష్మికి ఇచ్చి ఆమె బయల్దేరింది. ఆయనా వెంట నడిచాడు గానీ, కాట్పాడి దాకా పాలవాడికి చెప్పామా లేదా అని నసుగుతూనే ఉన్నాడు.

మంగళూరు దాటాక వాన మొదలైంది. ఎటు చూసినా పచ్చదనం, కొండల మీంచి తెల్లగా దూకే నీళ్లు. వకుళాదేవి కిటికీ దగ్గర సర్దుకుని కూర్చుందో లేదో ఫోన్ మోగింది.

"అక్కా, చింతపండు ఎక్కడుంది?" అమల గొంతు.

చెప్పింది. కాసేపటికి ఆవాలు. ఆ తర్వాత మిక్సీ మూత. వకుళాదేవి ఏ షెల్ఫులో ఏ డబ్బా వెనక అని వివరిస్తుండగా ఒక జలపాతం వెనక్కి పోయింది. "ఇటు చూడు వకుళా" అని సుదర్శనం అరిచేసరికి ఇంకోటీ పోయింది. వంటగది మొత్తం తిరుపతి నుంచి లేచి ఆమె ఒళ్లో కూర్చున్నట్టుంది.

అంతలో సొరంగం వచ్చింది. ఫోన్ తెగిపోయింది. పెట్టెంతా చీకటి, చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ ఏమీ అడగడం లేదు. ఆ చీకట్లో వకుళాదేవికి ప్రాణం ఎంత హాయిగా అనిపించిందంటే, ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెలుతురులోకి రాగానే మళ్లీ మోగింది.

"ఏమండీ, ఇంకో సొరంగం ఎప్పుడొస్తాది?"

వేళాకోళమనుకుని సుదర్శనం నవ్వబోయాడు. ఆమె కళ్లు చూసి మానుకున్నాడు. జలపాతాలన్నీ తానొక్కడే చూశానని అప్పుడు తట్టింది.

శరావతి నది వచ్చేసరికి వాన వెలిసింది. వంతెన పొడుగునా ఎండ, కింద సముద్రంలోకి పోతున్న బోలెడు నీళ్లు. ఫోన్ మోగింది. ఈసారి ఆయనే లాక్కున్నాడు.

"బావగారూ, ఇంగువ డబ్బా ఎక్కడుందో కాస్త చెప్పండి."

సుదర్శనం నోరు తెరిచాడు. తన ఇంట్లో ఇంగువ ఎక్కడుంటుందో తనకు తెలియదు. ఇన్నేళ్లు తిన్న పులిహోర గుర్తొచ్చి సిగ్గేసింది. కిటికీ కడ్డీలకు నుదురానించి నది చూస్తున్న భార్యను చూశాడు. జన్మలో చుట్టాలకు లేదని చెప్పని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా అమలా, సొరంగం వచ్చేసినాది. ఏమీ వినపళ్లేదు."

ఫోన్ స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు. మొహం మీద ఎండ పడుతుంటే ఎదుటి సీటాయన ఆయన్ను వింతగా చూశాడు.

వకుళాదేవి నది మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పెద్ద సొరంగమేనా?"

"చానా పెద్దది. మడగావ్ దాకా ఉండాది."