చెరువు బురదకు ఊపిరి పోశాను

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది చెప్పిన ప్రతిసారీ కొత్తగా నవ్విస్తోంది తప్ప పోవడం లేదు. ఒక చెరువును, ఒక చేపల సంఘాన్ని, నా పరిశోధనను ఒకే వారంలో నేనొక్కదాన్నే ఎలా ముంచానో వినండి.

హనుమకొండలో పరిశోధనలో చేరిన తొలి ఏడాది అది. ఊరి బయటి చెరువులోకి పొలాల యూరియా కొట్టుకొచ్చి నీళ్లు పచ్చబడ్డాయి. చేపపిల్లల్ని వదలాలా వద్దా అని సంఘం పెద్ద సాయిలు కాక నా పరిశోధనకు గైడ్ అయిన మేడంను అడిగాడు. యూరియా వల్ల నీళ్లలో పేరుకున్న నైట్రేట్‌ను అడుగు బురదలోని బ్యాక్టీరియా ఏమాత్రం తగ్గిస్తుందో చూసి చెబుతామన్నారు మేడం. కాక పడవ నడిపాడు, నేను గొట్టాల్లోకి పైనున్న నీళ్లతో సహా బురద తీశాను.

"మూతలు గట్టిగ పెట్టు. వారం దాకా తీయకు," అని చెప్పి మేడం హైదరాబాద్ వెళ్లారు. ఎందుకో చెప్పలేదు, నేను కనుక్కోలేదు. గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లు కనుక్కోరు.

మూడో రోజు బురదలోంచి బుడగలు లేచాయి. నా గుండె కరిగింది. పాపం, లోపల కోట్ల ప్రాణాలు ఊపిరాడక కొట్టుకుంటున్నాయి. మానవసేవే మాధవసేవ అయితే, సూక్ష్మజీవుల సేవకు ఇంకెంత పుణ్యమో. మూతలు తీసి, చేపల తొట్టికి పెట్టే గాలిపంపు కొనుక్కొచ్చి, దాని పైపును బురద అడుగుదాకా దింపాను.

వారం చివర పరీక్షిస్తే నైట్రేట్ తగ్గకపోగా పెరిగింది. మేడం వచ్చేదాకా ఆగొచ్చు కదా అంటారా? ఆగి ఉంటే ఇది రాసేదాన్నా? వెంటనే ఫోన్ చేశాను.

"కాకా, మన బురదకు సత్తువ లేదు. చేపపిల్లల్ని వదలకున్రి."

"గట్లనా బిడ్డా," అన్నాడు కాక. దారిలో ఉన్న చేపపిల్లల బండిని వెనక్కి పంపేశాడు.

సోమవారం మేడం వచ్చారు.

"ఈ పంపేంది?"

"ఊపిరాడుతలేదని పెట్టిన మేడం."

"ఎవరికి?"

"బ్యాక్టీరియాకు."

మేడం నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నారు. "గాలి లేనప్పుడే అవి నైట్రేట్‌తో ఊపిరి తీసుకుంటయి. దాన్ని నైట్రోజన్ చేసి పైకి వదులుతయి. నువ్వు చూసిన బుడగలు అవే. గాలి తగిలితే వేరే బ్యాక్టీరియా మిగిలిన యూరియాను గూడ నైట్రేట్ చేస్తది, అందుకే పెరిగింది. బిర్యానీ వడ్డించి, గంజి ఎందుకు తాగలేదని అడిగినట్టుంది నీ పని."

మళ్లీ బురద తీశాం. ఈసారి మూతల జోలికి పోలేదు. నైట్రేట్ రోజురోజుకూ తగ్గింది. ఆ కబురు చెప్పి తప్పు ఒప్పుకుందామని చెరువు కట్టకు వెళ్లాను. కాక వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. తిట్టలేదు.

"బండిని మళ్ల పిలుస్త తియ్," అన్నాడు. వల పక్కన పెట్టి, "జర ఒక్క మాట బిడ్డా. గాలి కావాల్నని అవి నిన్ను అడిగినయా?"

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంత చిన్న ప్రాణినైనా సరే, దరఖాస్తు పెట్టుకుంటే తప్ప ఉద్ధరించను.