పల్లీల పాలతో పది రోజులు

నా మనుమరాలికి పాలు పడవని తెలిసేసరికి దానికి రెండేళ్ల నాలుగు నెలలు. బర్రె పాలైనా ఆవు పాలైనా చుక్క లోపలికి పోతే గంటలో మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచేవి. పొద్దున పూట ఓట్స్‌ను బాదం పాలతోనో పల్లీల పాలతోనో వండి పెట్టమని పట్నంలో డాక్టర్ చెప్పాడు. పల్లీలు దానికి పడతాయని పరీక్ష చేసి మరీ చెప్పాడు.

రాష్ట్రం వచ్చాక పరీక్ష మీద పరీక్ష రాసి, చివరికి నా బిడ్డ భువనగిరి దగ్గర ఒక గురుకులంలో టీచర్ ఉద్యోగం తెచ్చుకుంది. రాత్రుళ్లు కూడా అక్కడే ఉండాలి. అల్లుడు లారీ మీద తిరిగే మనిషి. కాబట్టి పాప కేతేపల్లిలో నా దగ్గర ఉండాలి, లేదంటే బిడ్డ ఉద్యోగం వదులుకోవాలి. చేరడానికి పది రోజులుందనగా పాపను తీసుకుని బిడ్డ మా ఇంటికి వచ్చింది.

"ఈ పది దినాలు నువ్వే వండు. నేను చూస్త," అన్నది బిడ్డ.

"నాకు పరీక్ష పెడుతున్నవా?"

"పెడుతున్న. చిన్నప్పుడు నువ్వు నాతోని ఎక్కాలు అప్పజెప్పించుకోలేదా?"

బాదం పాల డబ్బా కోసం నకిరేకల్‌లో మూడు దుకాణాలు తిరిగాను. ఒకాయన చల్లటి సీసా చేతిలో పెట్టాడు. వెనక చదివితే అందులో వేసినవాటిలో మొదటిది పాలే. సీసా అక్కడే పెట్టి, పల్లీలు తెచ్చుకున్నాను.

అర కప్పు పల్లీలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, రెండు కప్పుల నీళ్లతో మిక్సీలో వేసి, పల్చటి బట్టలో వడకట్టేదాన్ని. ఆ పాలు కలుపుతూ కాచకపోతే అడుగంటుతాయి. పొంగు వచ్చాక అర కప్పు ఓట్స్, సన్నటి మంట మీద ఎనిమిది నిమిషాలు, చివర చెంచాడు బెల్లం. పాప తిన్న సమయం నోటుబుక్కులో రాసి, పావుగంటకోసారి దాని మెడ చూసేదాన్ని. ఆ గంటసేపు ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. వాకిట్లోకి, మళ్లీ ఇంట్లోకి.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు నలభై నిమిషాలకు మెడ ఎడమ వైపు నాలుగు దద్దుర్లు.

డాక్టర్ ఇచ్చిన మందు వేసి, బిడ్డ నా వైపు చూడకుండానే అన్నది: "ఇంకొక్కసారి వచ్చినా నౌకరి వద్దు, ఏం వద్దు."

నాలుగో రోజు పల్లీల పాలు పొయ్యి మీద పెట్టకముందే గ్యాస్ అయిపోయింది. వడకట్టిన పాలు, ఓట్స్ పట్టుకుని పక్కింటికి పోయాను. అక్కడ బట్టలు కుట్టే ముస్లిం చెల్లె ఉంటుంది. నేను పొయ్యి ముందు నిలబడి ఆమె గోడ గడియారం చూస్తుంటే ఆమెకు నవ్వాగలేదు.

"అక్కా, గింత బువ్వకు గంత లెక్కనా? మెత్తబడ్డదా లేదా అని గరిటె చెప్పదా?"

"నీ గరిటెకు దద్దుర్లు రావు గదా," అన్నాను.

ఆ రోజు పాప మెడ నున్నగా ఉంది. ఐదో రోజు సిలిండర్ వచ్చింది, మా ఇంట్లోనే వండాను. అరగంటకే దద్దుర్లు, ఈసారి తొమ్మిది.

బిడ్డ దండెం మీది బట్టలు తీసి మడతపెడుతోంది.

"ఎటు పోతున్నవే?"

"ఎటూ పోను. గదే చెప్తున్న. పొద్దుగూకేలోపు ఫోన్ చేసి, చేరనని చెప్త."

నోటుబుక్కు ముందేసుకున్నాను. అవే పల్లీలు, అవే ఓట్స్, అవే నీళ్లు, అవే ఎనిమిది నిమిషాలు. నాలుగో రోజుకూ ఐదో రోజుకూ తేడా ఎక్కడ? నేను రాయనిది ఒక్కటే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పోయాను.

"చెల్లె, నిన్న ఏ గిన్నెల వండిన?"

"స్టీలు గిన్నెల. ఎందుకక్కా, సొట్ట గిట్ల పెట్టినవా?"

మా ఇంట్లో పాలగిన్నె వేరు. అందులో పప్పు వండరు, చారు కాచరు, కనీసం నీళ్లు కాచరు. అంట్లతో కలిపి తోమకుండా వేడి నీళ్లతో తొలిచి గూట్లో బోర్లిస్తారు. అత్తగారు చెప్పిన పద్ధతి నలభై ఆరేళ్లుగా తప్పలేదు. పొద్దున ఐదింటికి నా చాయ్ కోసం బర్రె పాలు అందులోనే కాచి, తొలిచి, ఏడింటికి పల్లీల పాలు కూడా అందులోనే కాచాను. పాప కోసం పళ్లెం, చెంచా, గ్లాసు వేరుగా పెట్టినదాన్ని, పాలు అనేసరికి నా చేయి దానంతట అదే ఆ గిన్నె మీదికి పోయింది.

గిన్నె అంచు మడత కింద చెంచా మొనతో గీకాను. పచ్చటి జిడ్డు వచ్చింది. వాసన చూస్తే మీగడ. మొదటి రెండు రోజులు ఊడనిది మూడో రోజు ఓట్స్‌లోకి ఊడినట్టుంది.

చెప్పకపోయినా గడిచిపోయేది. గిన్నె మార్చి ఊరుకోవచ్చు. కానీ పోయి ఆ చెంచా బిడ్డ ముందు పెట్టాను.

"తప్పు పల్లీలది కాదు, నాది."

ఆమె చెంచా తీసి వాసన చూసింది. "నేను గూడ రోజూ చూసిన గదమ్మా. నాకూ తట్టలే." తర్వాత మడిచిన బట్టలు గూట్లో సర్దింది. "ఇంక అయిదు దినాలున్నయి. కానియ్యి."

కొత్త స్టీలు గిన్నె తెచ్చి, పిడికి ఎర్ర దారం కట్టాను. బర్రె పాలు ఇంటికి రావడమే మాన్పించి నల్ల చాయ్ తాగాను. ఆరో రోజు నుంచి తొమ్మిదో రోజు వరకు నోటుబుక్కులో ఒకే మాట: లేదు.

పదో రోజు బస్సు దగ్గర బిడ్డ అడిగింది: "ఏమన్న అయితే చెప్తవా, దాస్తవా?"

"నేనెప్పుడన్న దాచిన్నా?"

"గిన్నె సంగతి దాచలే. అందుకే ఇడిచిపోతున్న."

పాప తిన్నది ఏడున్నరకు, బస్సు కదిలింది ఎనిమిదీ పదికి. ఇంటికి చేరేలోపు నేను దాని మెడ ఆరుసార్లు చూశాను. ఆరోసారి అది తల విదిలించింది.

"అమ్మమ్మా, నీ చెయ్యి సల్లగున్నది. తియ్యి."

ఎనిమిదిన్నరకు 'లేదు' అని రాసి నోటుబుక్కు మూశాను. ఎనిమిదీ ముప్పావుకు మళ్లీ తెరిచాను.