ఎంత అని అడిగితే

నిసార్ అహ్మద్‌ను ఏదైనా అడగవచ్చు గానీ, "ఎంత?" అని మాత్రం అడగకూడదు. అడిగినవాడికి ఆ పూట వేరే పని ఉండకూడదు.

ఆయనుండే అరబ్బు దేశపు పేట వాదీ కబీర్‌లో మటన్ కొట్టు ముందు ఎవరో పాపం, "కిలో ఎంత భాయ్?" అన్నందుకు, సోమాలియాలో మేక ఓడెక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. క్లినిక్‌లో నర్సు ఆయన బరువు రాసుకోబోతే, అందులోంచి బూట్లూ, జేబులో ఫోనూ, పొద్దున తిన్న పరోటాలూ తీసేస్తే గానీ అది తన బరువు కాదని వాదించాడు. వెనకాల క్యూ గుమ్మం దాటింది.

ఇలాంటి మనిషికి దేవుడు అంకె చెప్పే ఉద్యోగమే ఇచ్చాడు. పెద్ద పికప్ బండ్లకు బలం పెంచే వర్క్‌షాపులో డైనో ఆయన చేతిలో ఉంటుంది. బండి చక్రాలను రోలర్ల మీదికెక్కించి, కదలకుండా కట్టేసి, నిలబడ్డ చోటే పరుగెత్తించి, ఎన్ని గుర్రాల బలముందో కొలిచే యంత్రం అది. తెర మీద గీత పడుతుంది, అంకె పడుతుంది. వెంటనే నిసార్ తెరను తన వైపు తిప్పేసుకుంటాడు. చాయ్ తెప్పిస్తాడు. ముందు గాలి సంగతి ఎత్తుకుంటాడు. తర్వాత ఎండ, టైర్ల బరువు, ఇంజన్ పుట్టించిన బలంలో గేర్‌బాక్సు మింగేదెంత, ఇరుసు మింగేదెంత... ఈలోపు వినేవాడికి ప్రాణం కళ్ళలోకి వస్తుంది.

వర్క్‌షాపులో అందరూ ఆయన ఉపన్యాసానికి చెవులు మూసుకోవడం ఏనాడో నేర్చుకున్నారు. నిర్మల్ నుంచి వచ్చిన మెకానిక్ జితేందర్ అందులో ఆరితేరినవాడు. తల ఊపుతూనే ఒక్క ముక్కా వినకుండా ఉండగలడు.

ఆ గురువారం మాత్రం జితేందర్‌కు తల ఊపే ఓపిక కూడా లేదు. రోలర్ల మీదున్నది సూర్ అనే ఊరి నుంచి వచ్చిన సాలిం పికప్. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా ఊదే సూపర్‌ఛార్జర్‌ను దానికి బిగించింది తనే. మర్నాడు సాలిం దాన్ని ఇసుక దిబ్బల పోటీకి తీసుకెళ్ళాలి. ఇంజన్‌లో ఏడు వందలు, చక్రాల దగ్గర ఆరు వందల గుర్రాలు అని వర్క్‌షాపు యజమాని మాటిచ్చాడు. ఆయన్ను అందరూ అర్బాబ్ అంటారు. పొద్దున్నే జితేందర్‌ను పిలిచి, అంకె తగ్గితే వీసా క్యాన్సిల్ అని చెప్పేశాడు. అక్కడ నిర్మల్‌లో భార్య సంధ్యకు నెలలు నిండాయి. ఈ సమయంలో పని పోగొట్టుకుని ఇంటికెళ్ళి ఆమెకేం చెప్పాలి?

బండి గర్జించింది. షెడ్డు రేకులు దడదడలాడాయి. నిసార్ తెర తిప్పేలోపు జితేందర్ అంకె చూసేశాడు. అయిదు వందల పన్నెండు!

"కితనా?" అని సాలిం అడగకూడని మాటే అడిగాడు.

"బైఠియే. పెహ్లే హవా కీ బాత్" అని కుర్చీ చూపించాడు నిసార్.

జితేందర్ ఆయన చెవి దగ్గరకు వంగాడు. "భాయ్, నీకు దండం పెడ్తా. ఎండకని మెషిన్ల కరెక్షన్ కలుపుతవు గదా, అది జర పెంచరాదు? ఆరొందలు పడితే నా కొలువు నిలుస్తది."

"ఎండకు ఎంత కలపాల్నో అంత కలిపినా. మిగతా గుర్రాల్ని నేను ఈనాల్నా?"

అంతే, హిందీలో ఉపన్యాసం మొదలైంది. సాలిం వాచీ చూసుకున్నాడు. అర్బాబ్ ముఖం ఎర్రబడింది. జితేందర్ చెవులు అలవాటు కొద్దీ మూసుకుపోయాయి. మెడ మీద కత్తి వేలాడుతుంటే ఈయనకు గాలి గోలేమిటని లోపల్లోపల తిట్టుకుంటున్నాడు. ఇంతలో నిసార్ బూటు అతని పాదాన్ని గట్టిగా తొక్కింది.

"చెవుల్లో ఏం పెట్టుకోనుండావురా? మూడుసార్లు చెప్తి" అంటున్నాడు నిసార్ తెలుగులో. గొంతు అదే, చేతులు తిప్పడం అదే, చూపు సాలిం మీదే. "గీత సగం దాకా బాగ లేచి, పైన పడిపోతాంది. గాలి ఊదేదాని బెల్టు జారతాంది. పో, బిగించు పో." మళ్ళీ వెంటనే, "తో సాలిం భాయ్, టైర్ కా వజన్..."

జితేందర్ నీళ్ళు తాగే వంకతో బండి ముందుకెళ్ళాడు. తెరిచిన బానెట్‌లోంచి కాలిన రబ్బరు వాసన కొట్టింది. నిన్న అర్బాబ్ పిలిచాడని చేత్తో తిప్పి వదిలేసిన బోల్టు ఒకటి గుర్తొచ్చింది. తప్పు తనదే. తొందరలో పానా జారి ఖంగుమని నేల మీద పడింది.

"వాడక్కడ ఏం చేస్తున్నాడు?" అని అర్బాబ్ లేచాడు.

"మంచి ప్రశ్న అడిగారు" అంటూ నిసార్ ఆయన భుజం పట్టుకుని బండి వెనక్కి నడిపించాడు. అడగని ప్రశ్నకు జవాబుగా ఇరుసు చూపించాడు. సాలిం చేత టైరు నొక్కించాడు. అర్బాబ్‌ను వంగి చూడమన్నాడు. ముందువైపు జితేందర్ వేడి ఇంజన్‌కు చెయ్యి కాలుతున్నా ఆగకుండా బోల్టు బిగించి, బెల్టును లాగి చూసుకుని, పక్కకొచ్చి నిలబడ్డాడు. నిసార్ మాట మధ్యలోనే ఆపేశాడు. ఆయన మాట మధ్యలో ఆగడం ఆ షెడ్డులో ఎవరూ ఎరగరు.

"ఇంజన్ చల్లబడింది. ఇంకోసారి తిప్పుదాం" అన్నాడు హిందీలో.

మళ్ళీ రేకులు దడదడలాడాయి. గీత లేచింది. ఇందాక కూలిపోయిన చోటు దాటింది. అయిదు వందల తొంభై ఎనిమిది!

"ఆరు వందలన్నాం కదా!" అని అర్బాబ్ జితేందర్ వైపు ఉరిమి చూశాడు.

సాలిం అడ్డొచ్చాడు. "ఏం మాటండీ అది? గేర్‌బాక్సు తినదా? ఇరుసు తినదా? నా టైర్లు ఎంత బరువో మీకు తెలుసా? ఆ రెండు గుర్రాలూ వాటికే చాలవు. కూర్చోండి, చెబుతాను." పాపం అర్బాబ్ కూర్చున్నాడు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక జితేందర్ నిసార్ చేతులు పట్టుకున్నాడు. "భాయ్, మొన్న మన షెడ్ల అంజి పగిలిన పైపు మార్చినప్పుడు సుత నువ్వు గంట సేపు గాలి ముచ్చట చెప్పినవ్. అది గూడ ఇట్లనేనా?"

"కోపంలో ఉండేవాడికి అంకె చెప్తే, వాడు బండిని చూడడు నాయనా. పనిచేసినోన్ని చూస్తాడు. ఇంగోసారి బోల్టు మర్చిపో, నేనే చెప్తా అర్బాబ్‌కు" అన్నాడు నిసార్. చెప్పీ చెప్పీ ఆయన గొంతు బొంగురుపోయింది.

ఆ సాయంత్రం నిసార్ అతన్ని తన ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. ఈ ఒక్క రోజైనా ఆయన ఏం చెప్పినా రెండు చెవులా వినాలని జితేందర్ గట్టిగా అనుకున్నాడు. నిసార్ భార్య జువేరియా వడ్డించింది. నిసార్ తల వంచుకుని తింటున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి జితేందరే అందుకున్నాడు.

"భాయ్, మీ కడపల ఎండలు ఎంతుంటయ్?"

"నలభై అయిదు."

జితేందర్ నోటి దాకా వెళ్ళిన ముద్ద అక్కడే ఆగిపోయింది. ఇంకేమైనా వస్తుందేమోనని చూశాడు. ఏమీ రాలేదు.

"ఈయన ఎప్పుడూ ఇంతే తమ్ముడూ, పుట్టుకతోనే మూగనోము" అంది జువేరియా అతని పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ. "షాపులో అయినా నోరు తెరుస్తాడా లేదా?"